బే సెంట్ మేరీ ఒడ్డున ఆరు రోజులు

మొదటి రోజు, బుధవారం

నా గదిలో, కిటికీ పక్కన ఒక చిన్న పెయింటింగ్ ఉంది. పరీక్ష అట్ట అంత పైన్ చెక్క మీద వేసింది. పైన బూడిద రంగు ఆకాశం, కింద దాదాపు అదే రంగు సముద్రం, ఎడమ పక్కన నల్లగా చెట్ల వరస. మనిషి లేడు, ఇల్లు లేదు, పడవ కూడా లేదు. నాతో ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి నా పుట్టినరోజుకి ఇచ్చింది. వాళ్ల పెదనాన్న వేశాడట. "ఆయన ఎక్కడా నేర్చుకోలేదు. పడవలు తయారుచేసే షెడ్డులో వడ్రంగి. ఎప్పుడూ సముద్రం, లేదంటే అడవి. ఇంకేమీ వెయ్యడు" అంది. ఇంకేమీ ఎందుకు వెయ్యడో అడగాలని రెండేళ్లుగా నా మనసులో ఉంది.

ఈ సెప్టెంబరులో అమ్మ అవనిగడ్డ నుంచి వచ్చింది. నేను కెనడాలోని హాలిఫాక్స్‌లో ఉంటున్న ఏడేళ్లలో ఆవిడ రావడం ఇదే మొదలు. నెలాఖరులో ఆరు రోజులు సెలవు పెట్టి, అమ్మని తీసుకుని ఆ పెద్దాయన ఉండే వైపు బయల్దేరాను. నోవా స్కోషియా రాష్ట్రం నైరుతి కొసన బే సెంట్ మేరీ అనే సముద్రపు పాయ ఉంది. దాని ఒడ్డున ఊరి వెనక ఊరుగా అకాడియన్లు ఉంటారు. 1600ల్లో ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇక్కడ వ్యవసాయం మొదలుపెట్టిన కుటుంబాల వారసులు వీళ్లు. ఇళ్లలో ఇప్పటికీ ఫ్రెంచే.

బయల్దేరే ముందు హాలిఫాక్స్‌లో నోవా స్కోషియా ఆర్ట్ గ్యాలరీకి వెళ్లాం. అక్కడ మాడ్ లూయిస్ అనే చిత్రకారిణి ఇల్లు ఉంది. ఇంటి బొమ్మ కాదు, ఇల్లే. మొత్తం తెచ్చి లోపల నిలబెట్టారు. పదమూడున్నర అడుగులు ఒక వైపు, పన్నెండున్నర ఇంకో వైపు. ఆవిడ అకాడియన్ కాదు కానీ ఆ పక్క ఊళ్ల మనిషే. చిన్నప్పటి నుంచి కీళ్లవాతం. 1938లో చేపలమ్ముకునే ఎవరెట్ లూయిస్‌ని పెళ్లి చేసుకుని ఆ ఒక్క గదిలోకి వచ్చింది. గోడలు, మెట్లు, పొయ్యి, కిటికీ అద్దాలు, దేన్నీ వదలకుండా పూలు, పిట్టలు వేసింది. రోడ్డు పక్కన బోర్డు పెట్టి ఒక్కో బొమ్మ రెండు మూడు డాలర్లకి అమ్మేది. 1970లో పోయింది. 2022లో ఆవిడ వేసిన నల్ల ట్రక్కు బొమ్మ వేలంలో 3,50,000 డాలర్లు పలికింది.

అమ్మ ఆ ధర విని ఏమీ అనలేదు. వంకరపోయిన వేళ్లతో బ్రష్ పట్టుకున్న ఫోటో దగ్గర మాత్రం చాలాసేపు నిలబడింది. సాయంత్రానికి తొంభై కిలోమీటర్లు డ్రైవ్ చేసి గ్రాన్ ప్రే దగ్గర బస చేశాం.

రెండో రోజు, గురువారం

పొద్దున్నే గ్రాన్ ప్రే పొలాల పైన ఉన్న మిట్ట మీదకి వెళ్లాం. కింద కనుచూపు మేర చదునైన ఆకుపచ్చ. ఎక్కడా చెట్టు లేదు. ఆ చివర గోధుమ రంగు నీళ్లు, వాటి అవతల బ్లోమిడన్ కొండ ఎర్రటి అంచు. దాదాపు 1,300 హెక్టార్ల ఈ ప్రాంతాన్ని 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అమ్మ అటూ ఇటూ చూసి, "ఇది మన కరకట్టే కదే?" అంది.

నిజంగానే కరకట్టే. ఫండీ అఖాతంలో పోటు ప్రపంచంలోనే ఎక్కువ. బర్న్‌ట్‌కోట్ హెడ్ అనే చోట నీళ్లు 16 మీటర్ల దాకా లేస్తాయి. రోజుకి రెండు సార్లు పోటు, రెండు సార్లు పాటు. 1680 ప్రాంతంలో ఇక్కడికి వచ్చిన అకాడియన్లు అడవి కొట్టి పొలం చేసుకోలేదు. సముద్రం ముంచే ఉప్పు పర్రనే పొలం చేసుకున్నారు. పర్రలో మొలిచే గడ్డిని వేళ్లతో సహా సన్నటి పారతో ఇటుకల్లా కోసి, పేర్చి, గట్టు కట్టారు. గట్టు కింద చెక్క తూము పెట్టారు. దాన్ని అబ్వాటో అంటారు. దుంగని తొలిచి చేసిన తూము అది. లోపల ఒక చెక్క రెక్క వేలాడుతూ ఉంటుంది. పాటు సమయంలో పొలంలోని వాన నీళ్లు ఆ రెక్కని తోసుకుని బయటికి పోతాయి. పోటు వచ్చినప్పుడు సముద్రమే ఆ రెక్కని నెట్టి మూసేస్తుంది. సముద్రం తలుపు తనే వేసుకుని వెళ్తుందన్న మాట. మనిషి కాపలా అక్కర్లేదు.

మ్యూజియంలో దాని నమూనా ఉంది. అక్కడి గైడ్ అమ్మాయి వివరిస్తుంటే నేను తెలుగులో చెప్పబోయాను. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "తెలుస్తోందిలే. కట్టాక ఉప్పు పోవడానికి ఎన్నాళ్లు ఆగేవాళ్లో అడుగు." రెండు మూడేళ్లు వానలకి కడుక్కుపోనిచ్చి, అప్పుడు విత్తేవాళ్లట. అమ్మ తలూపింది. ఆ లెక్క ఆవిడకి తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమకి ఉప్పెన వచ్చినప్పుడు అమ్మకి పన్నెండేళ్లు. వాళ్ల పొలంలో ఉప్పు కడుక్కుపోయి మళ్లీ పంట నిలబడటానికి మూడేళ్లు పట్టిందని మా తాతయ్య చెప్పేవారు. ఆ రాత్రి అమ్మ తమ్ముడు పోయాడు. నేనెప్పుడూ చూడని మావయ్య.

1755 సెప్టెంబరు 5న బ్రిటిష్ సైన్యం తరఫున కల్నల్ జాన్ విన్‌స్లో ఈ ఊరి మగవాళ్లని, పదేళ్లు దాటిన పిల్లల్ని చర్చిలోకి పిలిపించాడు. 418 మంది వచ్చారు. తలుపులు మూసి, మీ భూములు, పశువులు రాజుగారివి, మిమ్మల్ని దేశం దాటించేస్తున్నాం అని చదివి వినిపించాడు. ఇళ్లు తగలబెట్టారు. 1763 దాకా సాగిన ఈ పనిలో 10,000 మందికి పైగా అకాడియన్లని ఓడలెక్కించి అమెరికా తీరాల వెంబడి, ఇంగ్లండ్‌కి, ఫ్రాన్స్‌కి చెదరగొట్టారు. తప్పించుకున్నవాళ్లు అడవిలోకి పోయారు. మిగ్మా ఆదివాసులు వాళ్లని కాపాడారు.

నన్ను ఇంతకన్నా ఎక్కువ పట్టి కుదిపిన సంగతి ఇంకొకటి ఉంది. మనుషుల్ని తరిమేశాక 1759 నవంబరులో పెద్ద తుఫాను వచ్చి కట్టలు తెగిపోయాయి. ఆ పొలాల్ని తీసుకోవడానికి న్యూ ఇంగ్లండ్ నుంచి వచ్చిన కొత్తవాళ్లకి కట్ట వెయ్యడం రాదు. అప్పుడు ఖైదులో ఉన్న అకాడియన్లని కూలికి పిలిపించి, ఒకప్పటి వాళ్ల సొంత కట్టల్ని వాళ్ల చేతే కట్టించారు. ఆ పొలాలు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

అమ్మ ఇది విని బెంచీ మీద కూర్చుండిపోయింది. కాసేపయ్యాక, "అదీ నవంబరేనా" అంది.

స్మారక చర్చి ముందు ఎవెంజలీన్ అనే కావ్యనాయిక విగ్రహం ఉంది. టూరిస్టులందరూ దాని దగ్గరే ఫోటోలు దిగుతున్నారు. నాకు మాత్రం ఆ పొలాల వైపు పోయే మట్టిరోడ్డు మీద నడవడమే నచ్చింది. సాయంత్రం దాకా కట్ట మీద నడిచాం.

మూడో రోజు, శుక్రవారం

ఇది ప్రయాణం రోజు. అనాపోలిస్ లోయ అంతా ఆపిల్ కోతలు. రోడ్డు పక్కన బుట్టలు. అనాపోలిస్ రాయల్‌లో పాత కోట చూశాం, ఎక్కువసేపు ఆగలేదు. డిగ్బీ దాటగానే మార్షల్‌టౌన్‌లో మాడ్ లూయిస్ ఇల్లు ఉండిన చోటు ఉంది. అక్కడ అదే కొలతల్లో ఇనప చట్రం నిలబెట్టారు. గోడలు లేవు, రంగు లేదు. మొన్న గ్యాలరీలో ఇల్లు చూసొచ్చిన మాకు ఇక్కడ ఆ ఖాళీ చట్రంలో నిలబడితే ఏదోలా అనిపించింది. వెనక చిన్న అడవి, ముందు రోడ్డు. ఆవిడ కిటికీలోంచి రోజూ చూసింది ఇదే.

సాయంత్రం బే సెంట్ మేరీ ఒడ్డునున్న క్లేర్ ప్రాంతంలోకి వచ్చేసరికి పొగమంచు దిగింది. ఒకే రోడ్డు, ఒక పక్క సముద్రం, ఒక పక్క అడవి, మధ్యలో ఇళ్లు. ఊరి పొలిమేర ఎక్కడో తెలియదు. ఒక ఊరు అయిపోయిందో లేదో ఇంకోటి మొదలవుతుంది. ఇళ్ల ముందు నీలం, తెలుపు, ఎరుపు జెండాలు, పైన పసుపు నక్షత్రం. 1884లో అకాడియన్లు ఎంచుకున్న జెండా ఇది. ఆ నక్షత్రం సముద్ర నక్షత్రమని, మేరీమాతకి గుర్తని చెబుతారు. ప్రతి మూడో ఇంటి పక్కనా ఎండ్రకాయల బోనుల గుట్ట. నవంబరు ఆఖరి సోమవారం వేట మొదలవుతుంది. అప్పటిదాకా బోనులన్నీ గట్టు మీదే. వీళ్లు పట్టేది లోబ్‌స్టర్. అమ్మకి మాత్రం అది ఎండ్రకాయే.

నాలుగో రోజు, శనివారం

పెద్దాయన ఇల్లు మెటీగన్ దగ్గర. నా స్నేహితురాలు ముందు రోజే వచ్చి ఉంది. ఆయనకి డెబ్భై ఎనిమిదేళ్లు. పొడుగు మనిషి, వంగిన వీపు. పేరు రాయొద్దన్నాడు. "ఊరి పేరు రాయి. ఊరికి మంచిది" అన్నాడు. నేను ఇంగ్లీషులో అడిగేదాన్ని. ఆయన సగం ఇంగ్లీషులో, సగం వాళ్ల ఫ్రెంచ్‌లో చెప్పేవాడు. మిగతాది స్నేహితురాలు చెప్పేది. బళ్లలో నేర్పే ఫ్రెంచ్‌లో "కాదు" అనడానికి "పా" అంటారు. ఈ తీరంలో ఇప్పటికీ "ప్వాం" అనే పాత మాట వాడతారు. ఆయన ప్రతి రెండో వాక్యంలో ఆ మాట వినిపించింది.

ఇంటి వెనక షెడ్డు. లోపలికి అడుగుపెట్టగానే పైన్ చెక్క, లిన్‌సీడ్ నూనె కలిసిన వాసన. గోడకి పడవల సగం నమూనాలు వేలాడుతున్నాయి. ఇక్కడ పాతకాలంలో చెక్క పడవలు కాగితం మీద గీసుకుని కట్టేవాళ్లు కాదు. ముందు చెక్కతో పడవలో సగం చిన్నగా చెక్కేవాళ్లు. చేత్తో తడిమి, కళ్లు చికిలించి చూసి, వంపు సరిగ్గా ఉంది అనుకున్నాక దాని కొలతలు పెంచి అసలు పడవ కట్టేవాళ్లు. ఆయన పదహారో ఏట ఆ పనిలో చేరాడు. "నాకు గీత నేర్పింది ఇదే" అని ఒక నమూనా నా చేతిలో పెట్టాడు. దాని వంపు మీద వేలు పోనిచ్చాను. నా గదిలో ఉన్న పెయింటింగ్‌లో ఒడ్డు గీత ఇలాగే, ఎక్కడా విరగకుండా పోతుంది.

బొమ్మలు వెయ్యడం ముప్పై ఆరో ఏట మొదలైంది. చలికాలంలో నడుం పట్టేసి మూడు నెలలు ఇంట్లో ఉండాల్సి వచ్చింది. పడవలకి వెయ్యగా మిగిలిన రంగు డబ్బాలు, ముక్క చెక్కలు ఉన్నాయి. కిటికీలోంచి కనబడిన సముద్రాన్ని వెయ్యబోయాడు. "పడవ రంగుతో సముద్రం రాదు. అది మెరుస్తుంది. సముద్రం మెరవదు, వెలుతుర్ని మింగుతుంది" అన్నాడు. ఆ చలికాలమంతా అది పట్టుబడలేదట. ఆ తర్వాతే యార్మౌత్ వెళ్లి నూనె రంగులు కొన్నాడు. ఇప్పటికీ ఐదు ట్యూబులే వాడతాడు. అల్ట్రామెరైన్ నీలం, బర్న్‌ట్ సియెన్నా, ఎల్లో ఆకర్, విరిడియన్ ఆకుపచ్చ, తెలుపు. నలుపు కొనడు. నీలంలో సియెన్నా కలిపితే నలుపు వస్తుంది. దానికి తెలుపు చేర్చుకుంటూ పోతే పొగమంచు వస్తుంది. నీలం పాలు కొంచెం ఎక్కువైతే పొద్దుటి మంచు, సియెన్నా పాలు ఎక్కువైతే సాయంత్రపు మంచు. నా కళ్ల ముందే పలక మీద నాలుగు రకాల మంచు కలిపి చూపించాడు.

చదువుకోకుండా బొమ్మలు వేసేవాళ్లని చూసి, ఏదో అమాయకంగా వేసేస్తారని రాస్తుంటారు. ఆ షెడ్డులో ఒక్క గంట కూర్చుంటే ఆ మాట రాయబుద్ధి కాదు. ఆయన అడిగి నేర్చుకునే వీలు లేక చేసి నేర్చుకున్నాడు. ఆయన కుర్రాడిగా ఉన్నప్పుడు అకాడియన్ల పిల్లలకి వాళ్ల భాషలో బొమ్మలు నేర్పే చోటంటూ లేదు. మాంక్టన్ విశ్వవిద్యాలయం పుట్టింది 1963లో. శిల్పి క్లోడ్ రూసెల్ అక్కడ చిత్రకళ బోధన మొదలుపెట్టిందీ అప్పుడే. అదీ పక్క రాష్ట్రంలో. అప్పటికే ఈయన పడవల షెడ్డులో చిత్రిక పడుతున్నాడు.

ఆ చిత్రిక సంగతి చెప్పాలి. ఆయనకి నచ్చని బొమ్మల్ని దాచడు, పారెయ్యడు. చెక్కని బల్ల మీద బిగించి చిత్రిక పట్టేస్తాడు. కిందంతా రంగురంగుల పొట్టు. ఒక్కో పొరకి ఒక అంచున నీలం, ఒక అంచున పచ్చ. మన వడ్రంగులు చిత్రిక అంటారని, బొమ్మని చిత్రం అంటామని, రెండూ ఒకేలా వినబడతాయని నేను చెబితే ఆయన ఆ రెండు మాటలూ రెండు మూడు సార్లు పలికి చూసుకున్నాడు. అమ్మ వంగి, ఉంగరంలా చుట్టుకున్న ఒక నీలం పొరని ఏరుకుని పర్సులో పెట్టుకుంది.

అప్పుడు అడిగాను. సముద్రం, అడవి, ఇవే ఎందుకు?

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. స్టవ్‌లో కట్టె వేసి వచ్చాడు. "మా నాన్న వేసవిలో సముద్రం మీద ఉండేవాడు. చలికాలం అడవిలో కట్టె కొట్టేవాడు. పొలం అంటే మాకు ఇంటి వెనక బంగాళాదుంపల మడి. నేను చూసినవే వేశాను" అన్నాడు. ఆ తర్వాత, తనంతట తనే, గ్రాన్ ప్రే సంగతి ఎత్తాడు. అరవయ్యో ఏట రంగుల పెట్టె పట్టుకుని అక్కడికి వెళ్లాడట. కట్ట మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాడట. "చాలా అందంగా ఉంది. ఆ ఆకుపచ్చ ఎలా కలపాలో కూడా తెలిసింది. కానీ చెయ్యి కదల్లేదు. ఎవరి పొలంలోనో కూర్చున్నట్టుంది."

రెండు రోజుల క్రితం మేం నడిచిన కట్ట నాకు గుర్తొచ్చింది. 1764లో అకాడియన్లని తిరిగి రానిచ్చారు కానీ పాత పొలాల్లోకి కాదు. అక్కడ అప్పటికే వేరేవాళ్లు ఉన్నారు. 1768 నుంచి ఈ బే సెంట్ మేరీ ఒడ్డున చోటిచ్చారు. ముందు రాళ్ల తీరం, వెనక దట్టమైన అడవి. తరతరాలుగా మెట్ట, మాగాణి తెలిసిన రైతులు ఇక్కడ జాలర్లయ్యారు, కట్టె కొట్టేవాళ్లయ్యారు, పడవలు కట్టేవాళ్లయ్యారు. ఆయన బొమ్మల్లో పొలం లేకపోవడానికి రెండు వందల యాభై ఏళ్ల వెనక నుంచి వచ్చిన కారణం ఉంది. నేను దాన్ని ప్రకృతి దృశ్యం అనుకుని గోడకి తగిలించుకున్నాను.

షెడ్డు చివర ఒక పెద్ద చెక్క మీద అడవి బొమ్మ. నాలుగడుగులు ఉంటుంది. ముదురు హెమ్లాక్ చెట్లు, వాటి సందుల్లో అక్కడక్కడా తెల్లటి ఆకాశం తునకలు. ముందు చెట్టంతా నల్లగా వేసి, ఆఖర్న ఆకాశాన్ని చిన్న చిన్న చుక్కలుగా చెట్టులోకి దూర్చాలట. "కొమ్మలు వెయ్యకూడదు. కొమ్మల మధ్య ఖాళీ వెయ్యాలి."

ఆ చెట్ల మొదట్లో మాత్రం, జాగ్రత్తగా చూస్తే, ఒక పొగ పాయ. మనుషులు లేరు, పొగ ఉంది. స్నేహితురాలు మెల్లగా చెప్పింది, సైన్యం తరిమేసిన ఆ చలికాలం అడవిలో దాక్కున్నవాళ్ల పొగ అది.

నేను తెలుగులో అమ్మకి చెప్పాను. అమ్మ బొమ్మకి దగ్గరగా వెళ్లింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. "మా ఊళ్లో కూడా చెట్టెక్కినవాళ్లే బతికారని చెప్పు ఆయనకి. తుమ్మచెట్టు. ముళ్లు గుచ్చుకుపోయాయి. తెల్లారేదాకా దాన్నే పట్టుకుని ఉన్నాను. మా తమ్ముడి చెయ్యి జారిపోయింది."

ఇన్నేళ్లలో చెయ్యి జారిన సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. నేను దాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పానో నాకు సరిగ్గా గుర్తులేదు. స్నేహితురాలు ఫ్రెంచ్‌లో చెప్పింది. పెద్దాయన ఏ మాటా అనకుండా ఒక కుర్చీ తెచ్చి ఆ బొమ్మ ఎదురుగా వేశాడు. అమ్మ కూర్చుంది. ఆయన పక్కన ఒక పీట లాక్కుని కూర్చున్నాడు. ఇద్దరూ చాలాసేపు అలా బొమ్మ చూస్తూ ఉన్నారు. మేం బయటికి వచ్చేశాం.

మధ్యాహ్నం భోజనానికి రాప్యూర్ చేశారు. బంగాళాదుంపలు తురిమి, గుడ్డలో వేసి గట్టిగా పిండి నీరంతా తీసేస్తారు. ఎంత నీరు పోయిందో అంత మరిగే కోడి రసం మళ్లీ పోస్తారు. అప్పుడు కోడి ముక్కలు వేసి, గంటలకొద్దీ ఓవెన్‌లో పెడతారు. పైన పెచ్చు కట్టి, లోపల జిగురుగా ఉంటుంది. శనివారం అమ్మ నీచు ముట్టదు. ఆ సంగతి ముందే తెలిసి, ఒక చిన్న గిన్నెలో ఉల్లిపాయల రసంతో విడిగా చేసి పెట్టారు. అమ్మ రెండు సార్లు వడ్డించుకుంది.

ఐదో రోజు, ఆదివారం

పొద్దున చర్చ్ పాయింట్. ఇక్కడి సెంట్ మేరీ చర్చి ఉత్తర అమెరికాలో అతిపెద్ద చెక్క చర్చి అంటారు. 1903 నుంచి 1905 వరకు కట్టారు. శిఖరం 56 మీటర్లు. సముద్రపు గాలికి ఊగకుండా లోపల నలభై టన్నుల రాళ్లు నింపారు. ప్లాను ఫ్రాన్స్ నుంచి వచ్చింది కానీ కట్టించిన మేస్త్రీ లియో మెలాన్‌సన్‌కి చదవడం, రాయడం రాదు. లోపలి స్తంభాలు నిజానికి నిలువెత్తు చెట్ల మానులే, పైన గచ్చు పూశారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లందరూ తలో చెయ్యి వేశారు. 2019 చివర్లో ప్రార్థనలు ఆగిపోయాయి. మరమ్మతుకి లక్షల డాలర్లు కావాలి, అంత డబ్బు కూడలేదు. తలుపులకి తాళం. బయట నుంచే చూశాం. పక్కన పెద్దాయన కళ్లు పైకెత్తి నిలబడ్డాడు. ఆయన పెళ్లి అక్కడే జరిగిందట. పడవ మీద నుంచి వచ్చేటప్పుడు దూరాన మొదట కనబడేది ఆ శిఖరమే అన్నాడు. ఇంకా ఏదో అనబోయి ఊరుకున్నాడు. అంత పని చేతుల్లోంచి పుట్టి, ఇలా ఎండకీ వానకీ వదిలేసి ఉండటం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం మావిలెట్ బీచ్‌కి వెళ్లాం. ఒకటిన్నర కిలోమీటర్ల ఇసుక, వెనక దిబ్బలు, ఆ చివర కేప్ సెంట్ మేరీ లైట్‌హౌస్. పాటు సమయం. నీళ్లు ఎక్కడో దూరంగా ఉన్నాయి. పెద్దాయన మోకాళ్ల మీద పెట్టె పెట్టుకుని ఒక చిన్న చెక్క తీశాడు. "పోటు తిరిగాక నలభై నిమిషాలు. అంతే. తర్వాత అది వేరే సముద్రం."

ముందు చెక్కంతా సియెన్నా పల్చగా పూశాడు. ఆ ఎర్రదనం ఆఖరుదాకా అక్కడక్కడా కనబడుతూనే ఉంది. తర్వాత దిగంతం గీత. దాన్ని మాత్రం ఊపిరి బిగబట్టి, ఒక్క లాగులో లాగాడు. ఆ గీత దగ్గర సముద్రం ఆకాశం కన్నా ఒక వీసం ముదురుగా ఉండాలని, అంతకన్నా ఎక్కువైతే బొమ్మ చచ్చిపోతుందని చెప్పాడు. తడి ఇసుక మీద ఆకాశం రంగునే తలకిందులుగా లాగాడు. అల కోసం తెలుపు వెయ్యలేదు. అల కింద నీడ వేశాడు, అల దానంతట అదే లేచింది. గాలికి ఇసుక రేణువులు వచ్చి తడి రంగులో అతుక్కున్నాయి. తియ్యనా అని అడిగితే వద్దన్నాడు.

ముప్పై ఐదో నిమిషానికి నీళ్లు మా చెప్పుల దాకా వచ్చాయి. ఆయన లేచాడు. ఆ చెక్కని అమ్మ చేతికిచ్చాడు. తడి ఆరడానికి వారం పడుతుందని, ముఖం పైకి ఉండేలా పట్టుకోవాలని సైగలతో చెప్పాడు. అమ్మ రెండు చేతులతో, ప్రసాదం పట్టుకున్నట్టు పట్టుకుంది. ఎంతివ్వాలి అని నేను అడగబోతే స్నేహితురాలు నా మోచెయ్యి నొక్కింది.

వెళ్లేముందు ఆయన ఒక మాట అడిగాడు. కెజిమ్‌కుజిక్ వెళ్లి పాత హెమ్లాక్‌లని చూసి వెళ్లండి అని. తన ఇంటి వెనక ఉన్న హెమ్లాక్‌లకి పురుగు పట్టిందట. అడెల్జిడ్ అనే నలుసంత పురుగు. ఆకుల అడుగున దూది ఉండల్లా గూడు కడుతుంది, రసం పీల్చేస్తుంది, కొన్నేళ్లలో చెట్టు ఎండిపోతుంది. 2017లో ఈ నైరుతి ప్రాంతంలోనే మొదట కనబడింది. "నేను వేసిన చెట్లు సగం ఇప్పుడు లేవు" అన్నాడు.

ఆరో రోజు, సోమవారం

కెజిమ్‌కుజిక్ నేషనల్ పార్క్ లోపల హెమ్లాక్ వనానికి చెక్క బాట ఉంది. వెనక సీట్లో తడి బొమ్మని ముఖం పైకి పెట్టి, నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చాం. దారిలో మాపుల్ చెట్లు ఒకటీ అరా ఎర్రబడుతున్నాయి. వనంలోకి అడుగుపెట్టగానే వెలుతురు తగ్గిపోయింది. కొన్ని చెట్ల వయసు నాలుగు వందల ఏళ్లు. 1755లోనే అవి పెద్ద చెట్లు. పురుగు ఇక్కడికీ వచ్చింది. వనాన్ని కాపాడటానికి పార్కువాళ్లు చెట్లకి మందు పెడుతున్నారు.

తలెత్తి చూశాను. నల్లటి ఆకుల మధ్య తెల్లటి తునకలు. ఆయన చెప్పినట్టే, కొమ్మలు కాదు, ఖాళీలే కనబడ్డాయి. ఆ నాలుగడుగుల చెక్క మీద ఉన్నది ఇదే వెలుతురు.

అమ్మ బాట పక్కన ఒక మాను దగ్గర ఆగింది. ఇద్దరు చేతులు చాపినా అందనంత లావు. కింద నుంచి పైకి మెల్లగా చూసుకుంటూ పోయింది. మొదటి కొమ్మ ఎక్కడో ముప్పై అడుగుల ఎత్తున ఉంది.

"దీన్ని ఎక్కలేం అమ్మాయ్" అంది. "కింద కొమ్మలు లేవు. వీళ్లు ఎక్కలేదు, దీని చాటున కూర్చున్నారు."